స్టెరాయిడ్లు – స్టార్ ఆటగాళ్లు – మనం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు మొదట "విద్య ప్రాముఖ్యత" అని హెడ్డింగ్ పెట్టి రెండు పేజీలు రాశాను. తిరిగి చదువుకుంటే నాకే నిద్ర వచ్చింది. ఆ విషయం మీద ఈ సంచికలో నాకంటే బాగా రాసేవాళ్లు నలుగురైనా ఉంటారు కాబట్టి ఆ కాగితాలు పక్కన పెట్టేశాను. నేను చదువుతున్నది ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ. ఆటలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఈ రెండూ ఒకచోట కలిసే విషయం ఒకటుంది. దాని గురించి నన్ను అడిగినవాడు కూడా మన హాస్టల్ పిల్లవాడే. అందుకే ఈ వ్యాసం.

పోయిన దసరాకి ఇంటికి వస్తూ భద్రాచలంలో రెండు రోజులు ఆగాను. తెల్లవారుజామున కరకట్ట మీద నడుస్తుంటే ఎదురుగా ఒకడు రొప్పుతూ పరుగెత్తుకొస్తున్నాడు. దగ్గరికి వచ్చాక చూస్తే మన తమ్ముడే. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు వాడు ఏడో తరగతి. నా ప్లేటు కూడా వాడే కడిగేవాడు, బదులుగా వాడి లెక్కలు నేను చేసిపెట్టేవాణ్ణి. (వార్డెన్ సార్ క్షమించాలి.) ఇప్పుడు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతున్నాడు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలని పెట్టారు. అదే లెక్కన వీడు ప్రాక్టీసు చేస్తున్నాడు. 7 నిమిషాల 50 సెకన్ల దగ్గర ఆగిపోయాడు. ఆ 35 సెకన్లు తగ్గడం లేదు. కట్ట మీద కూర్చుని, బూట్లు విప్పి, గోదారి వైపు చూస్తూ అడిగాడు.

"అన్నా, జిమ్ము కాడ ఒకాయన సూదులేస్తడంట. పది సూదులకు ఆరు వేలు. అవి ఏయించుకున్నోళ్లకు ఆయాసమే రాదంట. నువ్వు సైన్సు చదివినవ్ గదా, నిజమేనా?"

నేను ఠక్కున "వద్దురా" అన్నాను.

"వద్దని అందరూ అంటరు. ఎందుకొద్దో చెప్పు."

అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. వాడికి ఆ రోజు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

బేస్‌బాల్ కథ

నాకు బేస్‌బాల్ పిచ్చి ఎలా పట్టిందో ముందు చెప్పాలి. స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడాం. గ్లోవ్స్ తొమ్మిది మందికీ కలిపి నాలుగే ఉండేవి. యూనివర్సిటీకి వచ్చాక నా రూమ్‌మేట్ ఫోనులో అమెరికా బేస్‌బాల్ చూశాను. వాళ్లకు రాత్రి మ్యాచ్ అంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు. హాస్టల్లో స్టడీ అవర్‌కి లేచే అలవాటు ఎలాగూ ఉంది, కనుక పుస్తకం ముందు పెట్టుకుని ఫోను చూసేవాణ్ణి. క్రికెట్ తెలిసినవాడికి బేస్‌బాల్ అర్థం కావడానికి ఒక పూట చాలు. బంతిని గాలిలోనే మైదానం బయటికి కొడితే మనకు సిక్సర్, వాళ్లకు హోమ్ రన్. ఒక సీజన్‌లో ఎవరు ఎన్ని హోమ్ రన్లు కొట్టారన్నది అక్కడ పిల్లలకు కూడా నోటికి వస్తుంది.

1961లో రోజర్ మారిస్ ఒక సీజన్‌లో 61 హోమ్ రన్లు కొట్టాడు. ఆ రికార్డు 37 ఏళ్లు నిలిచింది. 1998లో మార్క్ మెగ్వైర్ 70, సామీ సోసా 66 కొట్టి ఇద్దరూ దాన్ని దాటేశారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1994లో, ఆటగాళ్ల సమ్మె వల్ల సీజన్ మధ్యలోనే ఆగిపోయి, ఫైనల్ పోటీలు కూడా జరగలేదు. కోపం వచ్చిన జనం స్టేడియాలకు రావడం తగ్గించేశారు. ఈ ఇద్దరి హోమ్ రన్ల పోటీతో మళ్లీ జనం విరగబడ్డారు. ఆ ఏడాదే ఒక విలేకరి మెగ్వైర్ లాకరులో ఆండ్రోస్టెన్‌డయోన్ అనే మందు సీసా చూసి రాశాడు. శరీరంలోకి వెళ్లాక టెస్టోస్టిరోన్‌గా మారే పదార్థం అది. అప్పటికి బేస్‌బాల్‌లో దాని మీద నిషేధం లేదు. జనం మెగ్వైర్ మీద కోప్పడలేదు. రాసినవాడి మీద కోప్పడ్డారు. మన ఊళ్లో కూడా జాతరలో దొంగను చూపించినవాణ్ణే "నీకెందుకురా" అంటారు గదా, అలాగన్నమాట.

2001లో బ్యారీ బాండ్స్ 73 కొట్టాడు. 2007 ఆగస్టులో హాంక్ ఆరన్ పేరున ఉన్న 755 హోమ్ రన్ల జీవితకాల రికార్డును కూడా దాటి, చివరికి 762 దగ్గర ఆగాడు. ఈ హాంక్ ఆరన్ గురించి మనవాళ్లు తెలుసుకోవాలి. అలబామా రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి ఆటగాడు. 1974లో బేబ్ రూత్ అనే తెల్ల ఆటగాడి 714 రికార్డుకు దగ్గరవుతున్నప్పుడు ఆయనకు సంచుల కొద్దీ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో చాలా తిట్లు, చంపేస్తామనే బెదిరింపులు. వాటిని ఆయన పారేయకుండా దాచుకున్నాడు. అంత భారం మోసి సంపాదించిన అంకెను ఇంకొకడు సూదులతో దాటాడేమో అనే అనుమానమే నాకు కష్టంగా ఉంటుంది. బాండ్స్ కూడా నల్లజాతివాడే. స్టెరాయిడ్ల గొడవ పుట్టక ముందే మూడుసార్లు ఆ ఏటి ఉత్తమ ఆటగాడిగా ఎంపికైనవాడు. మందులు లేకపోయినా గొప్ప ఆటగాళ్ల వరసలో ఉండేవాడే. మరెందుకు? మెగ్వైర్‌కు వచ్చిన చప్పట్లు చూసి ఓర్వలేకపోయాడని కొందరు రాశారు. అది వాళ్ల అంచనా. బాండ్స్ మాత్రం తెలిసి తీసుకోలేదనే చెప్పాడు. ట్రైనర్ ఇచ్చింది అవిసె నూనె, కీళ్లనొప్పుల మలామూ అనుకున్నానని 2003లో గ్రాండ్ జ్యూరీ ముందు చెప్పాడు. ఆ తర్వాత ఏళ్లపాటు నడిచిన కేసులో 2011లో పడిన శిక్ష 2015లో కొట్టేశారు.

ఆ మందు సంగతి బయోకెమిస్ట్రీ వాళ్లకు సినిమా కంటే బాగుంటుంది. కాలిఫోర్నియాలో బాల్కో అనే కంపెనీ టీహెచ్‌జీ అనే కొత్త స్టెరాయిడ్‌ను ఆటగాళ్లకు సరఫరా చేసింది. పాత స్టెరాయిడ్ అణువును కొద్దిగా మార్చి తయారుచేసిన సరుకు. ల్యాబులు తమకు తెలిసిన అణువుల కోసమే వెతుకుతాయి కాబట్టి ఇది ఏ పరీక్షలోనూ దొరకలేదు. 2003లో ఒక పరుగు పందేల కోచ్ వాడేసిన సిరంజిని అమెరికా డోపింగ్ నిరోధక సంస్థకు పంపాడు. అందులో అడుగున మిగిలిన చుక్కల నుంచి లాస్ ఏంజెలెస్ ల్యాబులో డాన్ కాట్లిన్ బృందం ఆ అణువును గుర్తుపట్టి, దానికి పరీక్ష తయారుచేసింది. దొంగ ముఖం తెలియకపోతే ఫొటోతో పోల్చలేం. ఆ సిరంజితో ముఖం తెలిసింది, అంతే.

ఇక బేస్‌బాల్ పెద్దలు ఏం చేశారు? 1991లోనే కమిషనర్ స్టెరాయిడ్లు వాడకూడదని క్లబ్బులకు మెమో పంపాడు. కానీ పరీక్షలు లేవు. పరీక్ష లేని నిషేధం అంటే తాళం లేని గేటు. 2003లో పేర్లు బయటపెట్టకుండా పరీక్షలు చేసి, 5 శాతం దాటితే శిక్షలు పెడదామని ఒప్పందం చేసుకున్నారు. దాటింది. 2007 డిసెంబరులో మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ ఇచ్చిన నివేదికలో 89 మంది ఆటగాళ్ల పేర్లు వచ్చాయి. 2010 జనవరిలో మెగ్వైర్ తాను స్టెరాయిడ్లు వాడానని, 1998లో కూడా వాడానని ఒప్పుకున్నాడు. బాండ్స్‌కు గొప్ప ఆటగాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కలేదు. దానికి 75 శాతం ఓట్లు కావాలి. పదో ఏడు, అంటే చివరి అవకాశం 2022లో, 66 శాతం దగ్గర ఆగిపోయాడు. 2025 డిసెంబరులో వేరే కమిటీ ముందుకు పేరు వచ్చినా ఎంపిక కాలేదు. అయితే ఆటగాళ్లు హోమ్ రన్లు కొడుతున్నప్పుడు టికెట్లమ్ముకుని, చూసీ చూడనట్టు ఊరుకున్న కమిషనర్ బడ్ సెలిగ్ మాత్రం 2017లోనే ఆ హాలులోకి వెళ్లిపోయాడు. ఒక అభిమానిగా నాకు ఇందులో మింగుడు పడనిది ఇదే.

ఇంకో మాట కూడా దాచకూడదు. పాతకాలం వాళ్లంతా పత్తిత్తులు కారు. ఆ రోజుల్లో హుషారు మాత్రలు ఆటగాళ్ల గదుల్లో మామూలుగా దొరికేవి. హాంక్ ఆరన్ కూడా ఒకసారి ఒక మాత్ర వేసుకుని, గుండె ఆగిపోతుందేమోనని భయపడ్డానని తన ఆత్మకథలో రాసుకున్నాడు.

స్టెరాయిడ్ అంటే ఏమిటి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది కొంచెం జాగ్రత్తగా చదవండి. మన ఏజెన్సీ ఊళ్లలో అందరూ పొరబడేది ఇక్కడే. స్టెరాయిడ్ అనేది ఒక మందు పేరు కాదు, ఒక కుటుంబం పేరు. ఈ కుటుంబంలోని అణువులన్నిటికీ నాలుగు వలయాలు ఒక ప్రత్యేక పద్ధతిలో అతుక్కుని ఉంటాయి. కొలెస్టరాల్ కూడా ఇందులోదే. ఆ ఇంట్లో మనకు కావలసిన అన్నదమ్ములు ఇద్దరు.

ఒకటి అనబాలిక్ స్టెరాయిడ్లు. ఇవి మగ హార్మోన్ టెస్టోస్టిరోన్‌కు నకళ్లు. స్టానోజొలోల్, నాండ్రొలోన్, మెథాండియనోన్ లాంటివి. కండ కణంలోకి వెళ్లి ప్రొటీన్ ఎక్కువ తయారు చేయమని చెబుతాయి. ప్రాక్టీసు అలసట నుంచి తొందరగా తేరుకునేలా చేస్తాయి. ఉత్త సూది వేసుకుని పడుకుంటే కండలు రావు. కష్టపడేవాడు ఇంకా ఎక్కువ కష్టపడగలుగుతాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లను 9.79 సెకన్లలో పరుగెత్తి మూడు రోజుల్లోనే బంగారు పతకం పోగొట్టుకున్న బెన్ జాన్సన్ వాడినది స్టానోజొలోల్.

బయటి నుంచి హార్మోన్ వస్తే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి "సరుకు చాలు" అనుకుని సొంత తయారీ ఆపేయిస్తుంది. దాంతో మగవాళ్లలో వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు తగ్గుతాయి, రొమ్ములు పెరగవచ్చు. ఆడపిల్లలకు గొంతు మారిపోతుంది, మందు మానేసినా ఆ గొంతు తిరిగి రాకపోవచ్చు. మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది, గుండె గోడలు మందమవుతాయి, కాలేయం దెబ్బతింటుంది. హాస్టల్లో ఉన్న మీ వయసు వాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. ఎముకల చివర పెరిగే భాగాలు ఉంటాయి. ఈ మందులు వాటిని ముందే మూసేస్తాయి. అంటే పదిహేనేళ్లవాడు కండల కోసం వాడితే పొడవు పెరగడం అక్కడితో ఆగిపోవచ్చు. వాలీబాల్ ఆడేవాడికి అంతకంటే ఏం నష్టం కావాలి?

రెండోది కార్టికోస్టెరాయిడ్లు. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్. ఇవి కండలు పెంచవు. పైగా ఎక్కువ కాలం వాడితే కండను, ఎముకను తినేస్తాయి. వాపును, నొప్పిని అణచడం వీటి పని. ఉబ్బసానికి, కొన్ని కీళ్ల జబ్బులకు, ప్రాణం మీదికొచ్చిన ఎలర్జీకి డాక్టర్లు వాడే చాలా విలువైన మందులు. కోవిడ్ ముదిరి ఆక్సిజన్ మీద ఉన్న రోగుల్లో ఎందరినో బతికించింది డెక్సామెథాసోనే. డాక్టరు చేతిలో ఉన్నంతవరకూ మంచిదే.

దీన్ని నేను పుస్తకంలో కంటే ముందు మా ఇంట్లో చూశాను. మా నాన్న మిరప తోటల్లో కూలి. కోతల కాలంలో రోజంతా వంగి ఉండాలి. మోకాళ్లు, నడుము పట్టేస్తే మా ఊరికి సైకిల్ మీద, తర్వాత బండి మీద వచ్చే ఒకాయన సూది వేసి, కాగితంలో కట్టిన మాత్రలు ఇచ్చేవాడు. సాయంత్రానికి నాన్న కుర్రాడిలా లేచేవాడు. "దేవుడు లాంటోడు" అనేది అమ్మ. రెండేళ్లకు నాన్న ముఖం గుండ్రంగా నిండింది, పొట్ట వచ్చింది, కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడ్డాయి. కొడుకు కాలేజీకి పోయేసరికి ఒళ్లు చేశాడని ఊళ్లో నవ్వారు. నేను కూడా నవ్వాను. బీఎస్సీ రెండో ఏడులో హార్మోన్ల పాఠం చెబుతూ మేడం బోర్డు మీద "చంద్రబింబం లాంటి ముఖం" అని రాసి, కార్టికోస్టెరాయిడ్లు ఎక్కువైన మనిషి లక్షణాలు ఒక్కొక్కటీ చెబుతుంటే నాకు చెమటలు పట్టాయి. ఆ లక్షణాలన్నీ మా నాన్నవే. ఆదివారం ఇంటికెళ్లి చూస్తే మిగిలిన మాత్రల మధ్య ఒక చిరిగిన స్ట్రిప్పు ముక్క దొరికింది. డెక్సామెథాసోన్.

వెంటనే ఆపేయమని అరిచాను. అది నా తెలివితక్కువతనం. ఏళ్లుగా వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే శరీరం తన సొంత కార్టిసాల్ తయారీ మరిచిపోయి ఉంటుంది. అదృష్టం కొద్దీ మర్నాడే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించాడు. అప్పటికే షుగర్ వచ్చేసింది. నాన్న ఇప్పటికీ "ఆ సూది ఉన్నన్నాళ్లు పని బాగా చేసిన" అంటాడు. నిజమే, చేశాడు. ఆ కూలి డబ్బులతోనే నా మొదటి సెమిస్టర్ ఫీజు కట్టాం. మందు తీసుకున్నవాణ్ణి "మోసగాడు" అని ఒక్క మాటలో కొట్టేయడం అందుకే నాకు చేతకాదు.

మన దేశంలో

ఇది అమెరికా జబ్బు అనుకునేవాళ్లు కొన్ని అంకెలు చూడండి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా లెక్కల ప్రకారం 2023లో మన దేశంలో 5,606 నమూనాలు పరీక్షిస్తే 213 పట్టుబడ్డాయి. 2024లో 7,113కి 260. శాతంలో 3.8, 3.6. ఎక్కువ పరీక్షలు చేసే దేశాల్లో ఇంత శాతం ఇంకెక్కడా లేదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు మన దేశపు సంస్థ నాడా అధికారులు వచ్చారని తెలియగానే చాలామంది ఆటగాళ్లు మాయమయ్యారు. మగవాళ్ల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు. స్టేడియం మరుగుదొడ్లలో వాడేసిన సిరంజిలు దొరికాయి. వాటిలో చాలామంది పల్లెటూరి పిల్లలు వాడినవే అయి ఉంటాయని నా ఊహ. క్రీడా కోటాలో ఒక ఉద్యోగం వస్తే ఇంటిల్లిపాదీ గట్టెక్కుతారు. ఆ ఆశే వాళ్లను అక్కడిదాకా తెస్తుంది.

మన తెలుగువాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ అంటే కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ తర్వాత అదే ఆటకు ఎంత చెడ్డపేరు వచ్చిందో చూడండి. 2004 ఏథెన్స్‌లో ఇద్దరు భారత లిఫ్టర్లు దొరికారు. 2009లో ఆరుగురు దొరికితే అంతర్జాతీయ సమాఖ్య మన సమాఖ్యకు 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అది కడితేనే 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో ఆడనిచ్చారు. ఆ క్రీడల్లో 69 కిలోల బంగారు పతకం గెలిచినవాడు కాటులు రవికుమార్, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బరంపురం కుర్రాడు. 2014 గ్లాస్గోలో రజతం కూడా గెలిచాడు. 2019లో ఓస్టరిన్ అనే మందుకు పట్టుబడి నాలుగేళ్ల నిషేధం పడింది. ఓస్టరిన్ స్టెరాయిడ్ కాదు, స్టెరాయిడ్ చేసే పనినే కండల్లో చేసే కొత్త రకం.

2010 ఢిల్లీలో 4×400 మీటర్ల రిలే బంగారు పతకం గెలిచిన అమ్మాయిలను గుర్తుంచుకున్నవాళ్లు మనలో ఉంటారు. హాస్టల్ టీవీ ముందు నిలబడి చప్పట్లు కొట్టామని సీనియర్లు చెప్పగా విన్నాను. మరుసటి ఏడాదే ఆ నలుగురిలో ముగ్గురు, అశ్విని అక్కుంజి, మన్‌దీప్ కౌర్, సినీ జోస్, స్టెరాయిడ్ పరీక్షలో దొరికారు. ఉక్రెయిన్ కోచ్ చైనా నుంచి తెచ్చిన జిన్సెంగ్ గొట్టాల్లో కలిసి ఉందనీ, తమకు తెలియదనీ చెప్పారు. ముందు ఒక ఏడాది నిషేధం వేశారు. 2012లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది. కోచ్ ఇచ్చాడని మింగడం నిర్లక్ష్యమే, లోపల ఏముందో తెలుసుకోవలసిన బాధ్యత ఆటగాడిదే అన్నది దాని లెక్క.

మన ప్రాంతం వాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. మిరప రైతుకు దుకాణదారు "బయో మందు, టానిక్కు" అని ఒక డబ్బా ఇస్తాడు. డబ్బా మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది మరొకటి. చేను వారం రోజులు నల్లగా, ఏపుగా కనిపిస్తుంది. తర్వాత ఆకు ముడుచుకుపోతుంది. నష్టం రైతుది. జిమ్ముల్లో అమ్మే పౌడరు డబ్బాలు కూడా ఆ జాతివే కావచ్చు. కాకపోతే ఇక్కడ చేను మన ఒళ్లే.

పరీక్షలు కూడా దేవుడి తీర్పులు కావు. మణిపూర్ లిఫ్టర్ సంజితా చానును 2018 మేలో టెస్టోస్టిరోన్ కేసులో ఆపేశారు. పంపిన కాగితాల్లోనే నమూనా నంబర్లు ఒకదానికొకటి కుదరలేదు. రెండేళ్లు పోరాడితే 2020లో పరీక్షలో లోపాలున్నాయని కేసు ఎత్తేశారు. ఆ రెండేళ్లు ఎవరు తిరిగిస్తారు? అయితే అదే అమ్మాయికి 2022లో ఇచ్చిన వేరే నమూనాలో మరో స్టెరాయిడ్ దొరికి, 2023లో నాలుగేళ్ల నిషేధం పడింది. ఈ రెండు సంగతులనూ కలిపి ఒకే తీర్పు చెప్పమంటే నా వల్ల కాదు.

అందరికీ వదిలేస్తే?

ఎమ్మెస్సీ మొదటి ఏడు మా గదిలో రాత్రుళ్లు దీని మీదే గొడవ. "అందరూ వాడుతున్నప్పుడు అందరికీ అనుమతిస్తే సరిపోయె గదా, అప్పుడు అందరూ సమానమే" అని వాదించినవాణ్ణి నేనే. మన చర్ల మండలం నుంచి వెళ్లిన సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆక్సిజన్ సిలిండర్లు వాడలేదా, అది మోసమా అని అడిగేవాణ్ణి. ఇద్దరూ మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే కాబట్టి ఆ పేర్లు ఎత్తితే ఎదుటివాడు నోరు మూసుకునేవాడు. కానీ ఆ పోలిక తప్పు. సిలిండరు అందరి కళ్ల ముందే ఉంటుంది, ఎవరినీ ఓడించదు. దాన్ని వాడామని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు.

నా వాదన మారడానికి కారణం బాల్కో కథే. అక్కడి స్టార్ వెనక రసాయన శాస్త్రం తెలిసినవాళ్లు, రక్తపరీక్షలు, లాయర్లు ఉన్నారు. మన కుర్రాడి వెనక జిమ్ము కాడి ఒకాయన ఉన్నాడు. అందరికీ వదిలేస్తే పోటీ మందుల మధ్య జరుగుతుంది. అందులో మనకు దక్కేది అడుగున మిగిలిన సరుకే. ఇంకొకటి. మందు వాడినవాడు మొదట వచ్చాడంటే ఎవడో ఒకడు నాలుగో స్థానానికి పోయాడు. వాడి పేరు పేపర్లో రాదు. క్రీడా కోటా ఉద్యోగం మూడో వాడితో ఆగిపోతే వాడు మళ్లీ మిరప కోతకు పోతాడు. ఆ నాలుగోవాడు మన హాస్టల్ పిల్లవాడయ్యే అవకాశమే ఎక్కువ.

శిక్షల విషయంలో మాత్రం నాకు ఇంకా కోపమే. ఉద్దేశపూర్వకంగా వాడితే ఆటగాడికి నాలుగేళ్లు. ఆ వయసులో నాలుగేళ్లంటే ఆట జీవితం మొత్తం. 2022లో వచ్చిన జాతీయ డోపింగ్ నిరోధక చట్టం శిబిరాల్లో మందు అంటగట్టే పెద్దలను ఎంతవరకు పట్టుకుంటుందో చూడాలి. ఇప్పటివరకు పేపర్లలో వచ్చే జాబితాల్లో నేను చూసేవి దాదాపు అన్నీ ఆటగాళ్ల పేర్లే.

ఆటలాడే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి. జలుబు మాత్ర, దగ్గు సిరప్ కూడా నిషేధిత జాబితాలో ఉండవచ్చు. 2019లో క్రికెటర్ పృథ్వీ షాకు ఎనిమిది నెలల నిషేధం తెచ్చింది దగ్గు సిరప్పుల్లో ఉండే టెర్బుటలినే. ఆ జాబితా ప్రతి జనవరి 1న మారుతుంది. నాడా వాళ్ల "నో యువర్ మెడిసిన్" అనే యాప్‌లో మందు పేరు కొడితే వాడవచ్చో లేదో చెబుతుంది. నిజంగా జబ్బు ఉండి ఆ మందే కావాలంటే డాక్టరు కాగితాలతో ముందే అనుమతి అడిగే పద్ధతి కూడా ఉంది. రాష్ట్ర స్థాయికి వెళ్లేవాళ్లు పీఈటీ సార్‌ను అడిగి ఇవి ముందే తెలుసుకోండి.

ఇక కరకట్ట మీది తమ్ముడి సంగతి. నేను తిరిగి యూనివర్సిటీకి వెళ్లాక, ఆ జిమ్ము కాడి సూది సీసా ఫొటో తీసి పంపమన్నాను. మూడు రోజులకు పంపాడు. లేబుల్ సగం గీకేసి ఉంది. ఫొటో పెద్దది చేసి చూస్తే మిగిలిన అక్షరాల్లో "డెక్సా" అని కనిపించింది. మా నాన్నకు వేసిన అదే మందు. మందుల షాపులో కొద్ది రూపాయలకు దొరికేదాన్ని కండలు పెంచే స్టెరాయిడ్ అని చెప్పి ఒక్కో సూది ఆరు వందలకు అమ్ముతున్నాడు. పేరుకు అతను అబద్ధం చెప్పలేదు, అది కూడా స్టెరాయిడే. వేయించుకున్నవాళ్లకు రెండు రోజులు నొప్పి తెలియదు, హుషారుగా ఉంటుంది. ఆయాసం తగ్గించే గుణం మాత్రం దానికి లేదు.

ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మా నాన్న సంగతి కూడా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, నేను రెండు ఏయించుకున్న" అన్నాడు.

రెండే కాబట్టి, ఒంట్లో ఏ మార్పూ లేదు కాబట్టి భయపడాల్సిన పని లేదన్నాడు ఆసుపత్రి డాక్టరు. అడ్వాన్సు ఇచ్చిన రెండు వేలు మాత్రం తిరిగి రాలేదు. నేను పరుగు నేర్పేవాణ్ణి కాదు. అందుకని మా యూనివర్సిటీలో ఎంపీఎడ్ చదివే ఒక అన్నను వాడితో మాట్లాడించాను. రోజూ 1600 మీటర్లే ప్రాణం పోయేలా పరుగెత్తడం మానేసి, వారంలో రెండు రోజులు 400 మీటర్ల ముక్కలుగా, ఒక రోజు నిదానంగా ఆరు కిలోమీటర్లు పరుగెత్తమన్నాడు. పొద్దున్నే ఖాళీ కడుపుతో కాకుండా ఒక అరటిపండు తినమన్నాడు. వాడు ప్రతి ఆదివారం టైమ్ మెసేజ్ పెడుతున్నాడు. ఈ వ్యాసం పోస్టు చేసే ముందు వచ్చిన మెసేజ్: 7 నిమిషాల 24 సెకన్లు.